బ్రేకులో గాలి

మా యింట్లో ఒక పాత అంబాసిడరు కారున్నది. 1994లో కొన్నది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది గనుక, దానికి జబ్బు చేస్తే వైద్యుణ్ణి వెదుక్కోవడం కష్టం. తెలిసిన మేస్త్రీలు ఒకరిద్దరున్నా పెద్దవారైపోయారు. అందుచేత చిన్న చిన్న రిపేర్లు నేనే చేసుకొంటాను. అలా చేసుకొంటానని నలుగురిలో చెప్పుకోవడం నాకు కాస్త గొప్ప కూడాను. ఆ గొప్ప ఎందాకా వచ్చిందో మనవి చేస్తాను.

2023 డిసెంబరునాటి మాట. పురిటికి వచ్చిన అమ్మాయినీ, మూడు నెలల మనవణ్ణీ పునలూరులో అత్తవారింట దిగబెట్టి రావాలి. మా సత్రపట్టినుంచి రాజపాళయం చేరి, తెన్కాశి, శెంగోట్ట మీదుగా పోతే, పుళియరై దగ్గర కొండదారి మొదలౌతుంది. అక్కడి ‘ఎస్’ వంపు ఆ దారిన పోయినవారందరికీ తెలుసు. కొండ ఎక్కడానికి యింజను బాగుంటే చాలు. దిగడానికి బ్రేకు కావాలి.

ప్రయాణం నాలుగు రోజులున్నదనగా ఎడమ వెనుక చక్రం లోపలివైపు తడి కనిపించింది. డ్రమ్ము వూడదీసి చూస్తే వీల్ సిలిండరులోని రబ్బరు అరిగి ఆయిలు కారుతున్నది. రాజపాళయం పోయి కొత్త సిలిండరు, ఆ పక్కనే బీటలు వారిన రబ్బరు గొట్టానికి బదులు కొత్త గొట్టం, తెచ్చి బిగించాను. తుడవడానికి గుడ్డ తీసుకొంటే మా ఆవిడ చేతిలోనుంచి లాక్కొన్నది. మా వూరు బ్యాండేజీ గుడ్డకు పేరుపడ్డది గదా, ఏ యింట చూసినా ఆ ముక్కలే. “ఇది పీచు రాలుతుందండీ, లోపల పడితే?” అని పాత పంచె చింపి యిచ్చింది. నిజమే. గాయానికి మంచిదైన గుడ్డ సిలిండరుకు పనికిరాదు.

సామాను మార్చడంతో పని తీరలేదు. గొట్టం విప్పినప్పుడు లోపలికి గాలి చొరబడుతుంది. మనం పెడలు తొక్కితే ఆ వత్తిడిని చక్రాలదాకా మోసుకుపోయేది గొట్టాల్లోని ద్రవం. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. చిన్న బుడగ వున్నా మన బలమంతా దాన్ని నలపడానికే ఖర్చవుతుంది, చక్రానికి చేరదు. (తొలిరోజుల్లో ఈ బ్రేకుల్లో ఆముదమూ ఆల్కహాలూ కలిపి పోసేవారట. ఆముదం మనకు ఇన్నివిధాల పనికివచ్చిందని మా అమ్మమ్మకు తెలిసివుంటే సంతోషించేది.)

గాలి తీసే పద్ధతి చెప్పుకోవడానికి సులువే. సిలిండరు వెనక చిన్న నిప్పిల్ వుంటుంది. దానికి సన్నని గొట్టం తగిలించి, రెండోకొస ఆయిలు పోసిన సీసాలో ముంచాలి. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు నిప్పిల్‌ను పావుచుట్టు వదులుచేస్తే బుడగలు సీసాలోకి వస్తాయి. నిప్పిల్ బిగించిన తరువాతనే కాలు ఎత్తాలి. ముందే ఎత్తితే పోయిన గాలి మళ్ళీ వస్తుంది. దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి: మా కారుకు ఎడమ వెనుకది, కుడి వెనుకది, ఎడమ ముందుది, చివరకు డ్రైవరు ముందరిది.

పెడలుమీద మా ఆవిడను కూర్చోబెట్టాను. ఆమె పుట్టింట గుంటమగ్గం వుండేది. పెళ్ళినాటికి ఆమె కాళ్ళు మగ్గం తొక్కి తొక్కి ఆరితేరినవి. ఆ సంగతి నాకప్పుడు గుర్తుకురాలేదు. కారుకింద పడుకొని “తొక్కు! పట్టు! వదులు!” అని కేకలు వేస్తూ వున్నాను. ఒకసారి నిప్పిల్ బిగించకుండానే “వదులు” అన్నాను. సీసాలోని ఆయిలు గొట్టంలో వెనక్కు పరుగెత్తింది. “ఎందుకు వదిలావు?” అని కసిరాను. “మీరేగా వదలమన్నారు” అన్నది శాంతంగా. ఆ కోపంలో పైన ఆయిలు డబ్బా చూసుకోవడం మరిచాను. అది ఖాళీ అయి, పైనుంచికూడా గాలి తాగింది. చేసినదంతా మళ్ళీ మొదటికి వచ్చింది.

మిగిలిన పనికి, పోయినేడు మూత తీసిన డబ్బాలో సగం ఆయిలున్నది, అదే పోద్దామనుకొన్నాను. పిసినారితనమే. కాని బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడుదాకా మరగదు. తేమ పట్టితే 140కే మరిగిపోవచ్చు. కొండ దిగేటప్పుడు డ్రమ్ములు కాగి ఆయిలు మరిగితే వచ్చే ఆవిరి గాలివంటిదే. మనవడు గుర్తుకువచ్చి, ఆ డబ్బా పక్కన పెట్టి కొత్తది తెప్పించాను.

చీకటిపడే వేళకు నాలుగు చక్రాలా బుడగలు ఆగినవి. “అయిపోయింది, దిగు” అన్నాను. ఆమె దిగలేదు. మళ్ళీ ఒకసారి తొక్కి చూసింది.

“ఏమండీ, మెత్తదనం పోయింది. కాని పెడలు చాలా కిందికి పోయినాక గాని పట్టడంలేదు. రెండుసార్లు వెంటవెంటనే తొక్కితే పైననే పట్టుతున్నది.”

“ఈ కారు పెడలు అంతే.”

“బిడ్డను ఎక్కించుకొనే బండికి అంతే అంటే ఎట్లా?”

నాకు బదులు తోచలేదు. రాత్రి పడుకొన్నాక ఆలోచిస్తే ఆమె చెప్పింది గాలిమాట కాదు, వేరే మాట. గాలి వుంటే పెడలు స్పాంజిలా మెత్తగా వుంటుంది. గట్టిగానే వుండి, లోతుకు పోయి పట్టితే, షూలు డ్రమ్ముకు దూరంగా వున్నాయన్నమాట. వెనక చక్రం విప్పి మళ్ళీ పెట్టినప్పుడు అడ్జస్టరు బిగించనేలేదు నేను! తెల్లవారీవారక ముందే లేచి చక్రం ఎత్తి, షూలు డ్రమ్మును పట్టేదాకా అడ్జస్టరు తిప్పి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత మాత్రం వెనక్కు వదిలాను. ఆమెను పిలిచాను. ఒక్కసారే తొక్కింది. ఏమీ అనకుండా కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

వీధిలో మెల్లగా నడిపి పదిసార్లు ఆపి చూశాను. రాజపాళయందాకా పోయివచ్చి ఎక్కడైనా తడి వున్నదేమోనని కారుకింద వెదికాను. లేదు. అనుకొన్న రోజునే బయలుదేరాము.

అమ్మాయినీ బిడ్డనూ దిగబెట్టి, మరునాడు మేమిద్దరమే తిరిగివచ్చాము. ఆరియంకావు దాటి పుళియరై వైపు దిగుతూ, బ్రేకుమీదనే ఆధారపడకుండా రెండో గేరులోనే వుంచాను. ‘ఎస్’ వంపు దగ్గర పక్కకు చూశాను. మా ఆవిడ కిటికీలోనుంచి కొండలు చూస్తూ కూర్చున్నది. కుడికాలు మాత్రం, అక్కడ పెడలేమీ లేకపోయినా, ప్రతి మలుపులోనూ నేలను మెల్లగా తొక్కుతూనే వున్నది.