బకెట్ నిండా పళ్లు

ఫిలడెల్ఫియాలో నార్త్ బ్రాడ్ స్ట్రీట్ మీద టెంపుల్ విశ్వవిద్యాలయం వారి దంతవైద్య కళాశాల ఉంది. అక్కడి చిన్న మ్యూజియంలో బకెట్ నిండా మనుషుల పళ్లు చూశాను. దానితోపాటు 357 పళ్లు గుచ్చిన దండ కూడా ఉంది. అవన్నీ ఒక్క రోజులో తానే పీకానని చెప్పుకున్నవాడు పెయిన్‌లెస్ పార్కర్ అనే పళ్ల డాక్టరు. ఆ దండ ముందు చాలాసేపు కదలలేకపోయాను.

నన్ను అక్కడిదాకా నడిపించింది ఒక సినిమా. 1932లో మాక్ సెనెట్ కంపెనీ తక్కువ ఖర్చుతో తీసిన ఇరవై నిమిషాల హాస్యచిత్రం 'ది డెంటిస్ట్'. అందులో పళ్ల డాక్టరుగా వేసిన డబ్ల్యూ. సి. ఫీల్డ్స్ ఈ నగరం అంచునే ఉన్న డార్బీలో పుట్టాడు. ఆ డాక్టరుకు ముందు గోల్ఫ్, తరువాతే రోగులు. ఆట కుదరకపోతే కర్రల్నీ, వాటిని మోసే కుర్రాణ్ణీ కూడా నీళ్లలోకి విసిరేస్తాడు. అలాంటి చేతులే కాసేపటికి ఒకామె నోట్లోకి వెళతాయి.

పార్కర్ కథ సినిమాను మించింది. కెనడాలో పుట్టి, 1892లో ఫిలడెల్ఫియా డెంటల్ కాలేజీలో పట్టా పుచ్చుకున్నాడు. ఆ కాలేజీయే తరువాత టెంపుల్‌లో కలిసింది. ఊరూరా తిరుగుతూ, జనం నడుమ బండి మీద కుర్చీ వేసి పళ్లు పీకేవాడు. పన్నుకు 50 సెంట్లు. నొప్పి పుడితే తానే 5 డాలర్లు ఇస్తానని పందెం. పక్కన బ్యాండు మేళం ఉండేది. రోగి కేక పెట్టే సమయానికి మేళం హోరెత్తేది. బయట నిలబడ్డవాళ్లకు ఆ కేక చేరేది కాదు. 'పెయిన్‌లెస్' (నొప్పి లేకుండా) అని ప్రకటించుకోవడం మోసమని అధికారులు పట్టుకుంటే, 1915లో తన పేరునే చట్టప్రకారం పెయిన్‌లెస్‌గా మార్చేసుకున్నాడు!

అయినా అతణ్ణి ఉత్త దొంగగా కొట్టిపారేయలేను. పళ్ల డాక్టరు గడప తొక్కే స్తోమత లేని పేదలకు అతని 50 సెంట్ల కుర్చీ నిజంగానే అందుబాటులోకి వచ్చింది. నాకు మింగుడుపడనిది ఆ మేళమే. పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్న మనిషికి నోరు తెరిచే ఉంటుంది, మాట మాత్రం రాదు. జరిగింది చెప్పుకోవడానికి ఆ కేక ఒక్కటే మిగులుతుంది. దాన్ని కూడా డప్పులతో కప్పేయడం నా దృష్టిలో పెద్ద మోసం.

ఫీల్డ్స్ సినిమాలో మేళం లేదు. పన్ను ఎంతకీ ఊడిరాక పెనుగులాడే రోగిగా ఎలీస్ కవానా నటించింది. కుర్చీలోంచి లేచిపోయి, కాళ్లు డాక్టరు నడుముకు చుట్టేసి, అతనితోపాటు గది అంతా తిరుగుతుంది. నవ్వు ఆపుకోలేం. కానీ మన కళ్లు డాక్టరు మీద కాక ఆమె మీదే ఉంటాయి. ఎగతాళి అంతా ఆ డాక్టరుకే తగులుతుంది, రోగికి కాదు. ఫీల్డ్స్‌ను నేను గొప్ప హాస్యనటుడనేది ఇందుకే.

తరువాతి రోజుల్లో టీవీలో వేసినప్పుడు ఆ కాళ్లు అసభ్యంగా ఉన్నాయని సన్నివేశానికి కత్తెర వేశారు. అది తీసేస్తే మిగిలేది గోల్ఫ్, గొడవ. సినిమా చూడాలనుకునేవాళ్లు కత్తిరించని ప్రతినే వెతికి పట్టుకోండి, దొరుకుతుంది.