కొత్త కుండ దాహం

పీహెచ్‌డీలో చేరిన తొలి ఏడాది, హైదరాబాదు ల్యాబులో నా చేతికి ఒక బుల్లి సీసా వచ్చింది. లోపల 10 మైక్రోగ్రాముల టీజీఎఫ్-బీటా-1. వెలుతురుకి ఎత్తి చూస్తే ఏమీ కనిపించలేదు. ఆవగింజ బరువు సుమారు 2 మిల్లీగ్రాములనుకుంటే, ఇలాంటి సీసాలు 200 పోగేస్తే ఒక్క ఆవగింజ. ధర మాత్రం నా నెల ఫెలోషిప్పుకి దగ్గర్లో ఉంది.

మన ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబురంపుకునే ప్రోటీన్లలో ఇదొకటి. గాయమైనచోట ఫైబ్రోబ్లాస్టులను మచ్చ కట్టమని పురమాయిస్తుంది. మనిషి జన్యువును హామ్‌స్టర్ అండాశయ కణాల్లో పెట్టి దీన్ని తయారుచేయిస్తారు. 112 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు జతకూడితే ఒక అణువు. మింక్ ఊపిరితిత్తుల కణాలైతే ఇది తగలగానే పెరగడం మానేస్తాయి. ఒకే కబురు, వినేవాళ్లను బట్టి అర్థం.

నా కణాలు మాత్రం ఏ అర్థమూ తీసుకోలేదు.

పెట్టెలో మడతపెట్టిన కాగితం ఉంది. 4 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, కాస్త అల్బుమిన్ చేర్చి కరిగించమని అందులో రాశారు. పాలలో నిమ్మరసం పిండితే ఏమవుతుందో చిన్నప్పటినుంచీ చూసినదాన్ని. ప్రోటీన్‌కి ఆమ్లమేమిటి? నా తెలివికొద్దీ మామూలు ఉప్పునీటి బఫర్ పీబీఎస్‌లో కలిపేశాను. సీసాని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పకుండానే మూత తీశాను కూడా. రెండు నెలలు గడిచాయి. సీరమ్‌ని తప్పుపట్టాను, ఇంక్యుబేటర్‌ని అనుమానించాను. ఆఖరికి కణాలిచ్చిన సీనియర్‌ మీద పడ్డాను. "నీ కణాలు ముసలివైపోయాయన్నా" అని అందరి ముందూ అనేశాను. ఆయన ఏమీ అనలేదు.

ఒకరోజు మా గైడ్ మేడమ్ అడిగారు.

"దేన్లో కలిపావమ్మా?"

"పీబీఎస్‌లో, మేడమ్."

"అల్బుమిన్?"

"వెయ్యలేదు."

"కొత్త కుండలో నీళ్లు పోస్తే ముందు తాగేదెవరు?"

కుండే. తటస్థ బఫర్‌లో ఈ ప్రోటీన్ కుదురుగా కరిగి ఉండదు, ముద్దకడుతుంది, ప్లాస్టిక్ గోడలకు అంటుకుపోతుంది. పాలను విరగ్గొట్టే ఆమ్లమే దీనికి హాయి. ఆ గోడల దాహాన్ని అల్బుమిన్ తీర్చేస్తే, అసలు సరుకు మనకు దక్కుతుంది. రెండు నెలలూ నేను కణాలకు పోసింది చాలావరకు ఉత్త ఉప్పునీళ్లే. ప్రోటీనంతా ట్యూబు గోడలకే అంకితమైంది.

రెండో సీసా అడగడానికి నోరు రాలేదు. మేడమే తెప్పించారు. ఈసారి కాగితాన్ని గోడకంటించి, అక్షరం తప్పకుండా చేశాను. మిల్లీలీటరుకి 5 నానోగ్రాములు. 48 గంటల తర్వాత రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, కణాల్లో ఆక్టిన్ పోగులు దట్టంగా, పచ్చగా, అటునుంచి ఇటు లాగి కట్టినట్టు ఉన్నాయి.

ఆ సీనియర్ అన్న హుడ్ దగ్గర పనిలో ఉన్నాడు. వెనక నిలబడి చెప్పాను, కణాలు పలికాయని.

"ఏవి?" అన్నాడు తల తిప్పకుండానే. "ఆ ముసలివేనా?"