డెబ్బై రెండు వోల్టుల మోజు

మా గాజువాకలో పాత వంద సీసీ బండిని కరెంటు బండిగా మార్పించుకున్నవాడు కనిపిస్తే ఎవరైనా ముందు అడిగేది "ఎన్ని వోల్టులు గురూ?" అనే. నేనూ అదే అడుగుతూ తిరిగాను. 48 అన్నవాణ్ణి చూసి జాలిపడ్డాను, 72 అన్నవాడి బండి చుట్టూ ప్రదక్షిణలు చేశాను. అంకె పెద్దదైతే బలం పెద్దదనుకుని చివరికి 72 వోల్టుల ప్యాకే కొన్నాను. ఆ వోల్టేజీయే తప్పని ఇప్పటికీ అనను. నేను దాన్ని ఎన్నుకున్న తీరు తప్పు.

72కి దక్కాల్సిన మర్యాద ముందు దక్కనివ్వాలి. రెండు వేల వాట్లు కావాలంటే 48 వోల్టుల మీద దాదాపు 42 ఆంపియర్లు లాగాలి, 72 మీద 28 చాలు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే తీగ సగం కంటే తక్కువే వేడెక్కుతుంది. చక్రంలోనే ఉండే హబ్ మోటారు వేగమూ వోల్టులతోపాటే పెరుగుతుంది. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆ తేడా ఒంటికి తెలుస్తుంది, కాదనను.

నేను వెయ్యని లెక్క వేరే ఉంది. బండి ఎంత దూరం పోతుందో వోల్టులు చెప్పవు. వోల్టుల్ని ఆంపియర్-అవర్లతో గుణిస్తే వచ్చే వాట్-అవర్లు చెబుతాయి. 72 వోల్టుల 20 ఏహెచ్ ప్యాకులో ఉండేది 1440 వాట్-అవర్లు. 48 వోల్టుల 30 ఏహెచ్ ప్యాకులోనూ సరిగ్గా అంతే. ఐదో తరగతి పిల్లాడు చేసే గుణకారం ఇది. అమ్మినాయన "వంద కిలోమీటర్లు గ్యారంటీ సార్" అంటుంటే తలూపానే తప్ప కాగితం మీద వేసి చూడలేదు. ఆ సైజు బండికి కిలోమీటరుకు 30, 35 వాట్-అవర్లు వేసుకుంటే వచ్చేది నలభై చిల్లర. కూర్మన్నపాలెం నుంచి జగదాంబ వెళ్ళి రావడానికి అది బొటాబొటి.

ఆ బొటాబొటీ ఎన్నాళ్ళో నిలవలేదు. మీటరు 71 చూపిస్తుండగానే షీలానగర్ దగ్గర బండి చచ్చిపోయేది. కాసేపాగితే లేచేది. ఎత్తు వస్తే మళ్ళీ పడుకునేది. నాది లాంటి 72 వోల్టుల లిథియం ప్యాకంటే ఇరవై సెల్ గుంపులు ఒకదాని వెనక ఒకటి. ప్యాకులోని కాపలా సర్క్యూటు, అంటే బీఎంఎస్, వాటిని విడివిడిగా కనిపెట్టుకుని ఉంటుంది. ఏ ఒక్క గుంపు వోల్టేజీ హద్దు దాటి పడినా మొత్తం ప్యాకుని ఆపేస్తుంది. అదే రకం 48కి పదమూడు గుంపులు చాలు. అంటే నేను డబ్బిచ్చి మరీ, చెడడానికి ఇంకో ఏడు చోట్లు కొనుక్కున్నాను. ఉన్న డబ్బులోనే ఎక్కువ వోల్టులు కావాలని పట్టుబడితే అమ్మేవాడు ఎక్కడో అక్కడ కోత పెట్టక తప్పదు కదా.

కోత ఎక్కడ పెట్టారో చూపించింది మా వీధి బాబాయ్. స్టీల్‌ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యారు. రబ్బరు గ్లౌజులు తొడుక్కుని ప్యాకు విప్పారు (ఇది ఇంట్లో ఎవరంటే వాళ్ళు చేసే పని కాదు). సెల్‌కీ సెల్‌కీ మధ్య స్పాట్ వెల్డింగ్ చేసే పట్టీ శుద్ధమైన నికెల్‌ది కావాలి. నా ప్యాకులో ఉన్నది నికెల్ పూత పూసిన ఉక్కు. దాని నిరోధం ఎక్కువ, పైగా పూత లేచినచోట తుప్పు. మన సముద్రపు గాలికి కిటికీ ఊచలే ఆగవు, అంత పల్చటి రేకు ఆగుతుందా? షాపువాడు కొసరుగా ఇచ్చిన పట్టీ ముక్కని బాబాయ్ గ్రైండరుకి ఆనిస్తే రవ్వలు లేచాయి. "నికెల్‌కి ఇలా రవ్వలు రావురా. ఉక్కు ఊళ్ళో ఉంటూ ఉక్కు పోల్చుకోలేకపోయావు" అన్నారు. గ్రైండరు లేనివాళ్ళు ముక్కని గీకి ఉప్పునీళ్ళలో ఒకరోజు ఉంచినా చాలు, ఉక్కయితే ఎర్రబడుతుంది.

మిగతా తప్పులు చిన్నవి, అంత చౌకవి కావు. 72 అనేది ప్యాకు పేరు మాత్రమే. నిండా ఛార్జయితే 84 వోల్టులు. హారను, హెడ్‌లైటు కోసం నేను పెట్టిన కన్వర్టరు 80 వరకే తట్టుకుంటుంది. మొదటి నిండు ఛార్జింగుకే కాలిపోయింది. మెయిన్ స్విచ్‌గా ఇంట్లో మిగిలిన ఎంసీబీ బిగించాను. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్ ఆపినప్పుడు లోపల లేచిన మెరుపు దానంతటదే ఆరుతుంది. బ్యాటరీ డీసీకి ఆ సున్నా లేదు. ఓసారి లోడు మీద ఆపబోతే లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయి. మీట కిందికి వచ్చింది, కరెంటు ఆగలేదు. డీసీకని రేటింగు ఉన్న బ్రేకరే వాడాలని బాబాయ్ తిట్టాక గాని తెలియలేదు.

డీసీలో 60 వోల్టులు దాటితే హై వోల్టేజీ కిందే లెక్క అని వాహనాల భద్రతా ప్రమాణాలు గీత గీశాయి. అదే రకం 48 ప్యాకు నిండినా 54.6 దగ్గర ఆగుతుంది. నాది దాదాపు అడుగంటినా ఆ గీతకు పైనే. అలాంటిదాన్ని రాత్రిళ్ళు వీధిగుమ్మం పక్కన, చెప్పుల స్టాండు మీద పెట్టి ఛార్జింగు చేశాను. మా ఇంటికి బయటికి దారి అదొక్కటే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, కొద్ది రోజులకే విజయవాడలో ఇళ్ళల్లో ఛార్జింగులో ఉన్న స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఈ-బైకుల షోరూం ఉన్న హోటల్లో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి బ్యాటరీలకు ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేశారు. ఇవన్నీ పేపర్లో చదివినవాణ్ణే. నా ప్యాకు ఏ పరీక్షా పాస్ కాలేదని తెలిసీ పక్కగదిలో పడుకున్నాను.

ఇప్పుడు బండిలో ఉన్నది పదహారు సెల్స్ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాకు, 51.2 వోల్టులు, దానికి తగ్గ కంట్రోలరు. బరువెక్కువ, వేగం తగ్గింది. కానీ ఈ రసాయనం వేడికి అంత తొందరగా అదుపు తప్పదు, ఎక్కువ ఏళ్ళు మన్నుతుంది. సెల్ కంపెనీ పేరు, బీఎంఎస్ ఆంపియర్లు, పట్టీ లోహం బిల్లు మీద రాయించుకున్నాను. ఛార్జింగు పెరట్లో, నేను మెలకువగా ఉన్నప్పుడే.

అయినా బండి గేటు దాటడం లేదు. పెట్రోలు బండిని మార్చాలంటే ఏఐఎస్-123 కింద ఆమోదం పొందిన కిట్టే వాడాలి, ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీలో రాయించుకోవాలి. నాది ఏ ఆమోదమూ లేని కిట్టు. ఆర్సీలో ఇంకా పెట్రోలనే ఉంది. రేపు ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ ముందు నేనేం మాట్లాడను? నంబరు, లైసెన్సు అక్కర్లేకుండా నడిపేది కావాలంటే 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల లోపు సైకిలే. దానికి 36 వోల్టులు చాలు.

పాత 72 ప్యాకుని సగం ధరకి అడిగినవాళ్ళు ఉన్నారు. ఇవ్వలేదు, అధీకృత రీసైక్లరుకి అప్పగించాను. మీ అటక మీద అలాంటిది ఉంటే పాత ఇనుము కొనే బండివాడికి వెయ్యకండి.