చోడవరంలో ఒక వీసా ప్రశ్న

అనకాపల్లి దాటి చోడవరం దారి పట్టితే కనుచూపు మేర చెరకు తోటలే. ఇక్కడి చెరకు కొంత బెల్లపు పొయ్యిలకు చేరుతుంది. 2022 ఏప్రిల్‌లో ఈ పట్టణం కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో కలిసినా, పెద్దల నోట ఇప్పటికీ ఇది విశాఖ జిల్లాయే.

బంధువుల ఇంటికి వెళ్లిన నేను అసర్ నమాజు తరువాత మస్జిదు అరుగుపై కూర్చున్నాను. ఒక యువకుడు సలాము చేసి పక్కన చేరాడు. డిగ్రీ చదివి, ఇంటి నుండే విదేశీ దుకాణాలకు వెబ్‌సైట్లు రూపొందిస్తున్నాడట.

"చాచా! దుబాయిలో స్థిరపడాలనుకుంటున్నాను. ఒకాయన ఆజాద్ వీసా ఇప్పిస్తానంటున్నాడు. అమ్మీ తన గాజులు తాకట్టు పెడతానంటోంది" అన్నాడు.

పేరులో స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన వీసాలో స్వేచ్ఛ ఉండదు. ఆజాద్ వీసా అనేది ఏ చట్టంలోనూ లేదు. కాగితం మీద ఒక కఫీల్ ఉంటాడు. పని మాత్రం మరెక్కడో. అనుమతి లేకుండా అలా పని చేయడం నేరం. పట్టుబడితే స్వదేశానికి పంపివేస్తారు. అంతకు మించి, చేయబోని ఉద్యోగానికి సంతకం పెట్టడం అబద్ధానికి సాక్ష్యం ఇవ్వడమే. హలాల్ సంపాదనకు అది పునాది కాజాలదు.

స్వయం ఉపాధి గలవారికి సక్రమ మార్గాలు ఉన్నాయి. యు.ఎ.ఇ. గ్రీన్ వీసా అయిదేళ్లది. దానికి అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ నుండి ఫ్రీలాన్స్ అనుమతి, డిగ్రీ లేదా ప్రత్యేక డిప్లొమా కావాలి. గడచిన రెండేళ్లలో ఏటా 3,60,000 దిర్హముల ఆదాయమైనా, అక్కడ ఉన్నంత కాలం పోషించుకోగల స్తోమతయైనా చూపాలి. మలేషియా 2022లో ప్రారంభించిన డిఇ రాంటౌ పథకం కంప్యూటరు నిపుణుల నుండి ఏటా 24,000 డాలర్ల ఆదాయం కోరుతుంది. భార్యాబిడ్డలనూ వెంట తీసుకువెళ్లవచ్చు. జర్మనీ కూడా స్వతంత్ర వృత్తుల వారికి నివాసానుమతి ఇస్తుంది. నలభై అయిదేళ్లు దాటినవారు వృద్ధాప్యపు భద్రతకు ఏర్పాటు ఉన్నట్లు చూపవలసి ఉంటుంది. నిబంధనలు మారుతుంటాయి గనుక దరఖాస్తుకు ముందు ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లలో సరిచూసుకోవడం తప్పనిసరి.

యువకుడు ఫోనులో లెక్క వేసుకున్నాడు. అతని రాబడి మలేషియా కోరిన దానిలో సగమే. ముఖం వాడిపోయింది.

"బేటా! ఈ వీసాలన్నీ అడిగేది ఒక్కటే: నీ పనికి రుజువు. ఆ రుజువు చోడవరంలోనే తయారు కావాలి. ప్రతి పనికీ ఒప్పందం రాయించుకో. బిల్లు ఇవ్వు. సొమ్ము బ్యాంకు ద్వారానే తీసుకో. ఏటా ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చెయ్యి. రెండేళ్లలో నీ చేతిలో ఉండే ఆ కాగితాల కట్ట ఏ ఏజెంటూ అమ్మలేనిది. పైగా నీకు పని ఇచ్చేవారు ఇప్పటికే సముద్రాల అవతల ఉన్నారు. అప్పు చేసి పరుగెత్తవలసిన అగత్యం ఏమున్నది?" అన్నాను.

అతడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "రేపు ఆయనకు అడ్వాన్సు ఇస్తానన్నాను" అన్నాడు మెల్లగా.

"ఇచ్చావా?"

"ఇంకా లేదు."

"అల్‌హందులిల్లాహ్" అన్నాను.

మగ్రిబ్ అజాన్ వినిపించింది. వుజూకు లేస్తూ అతడు ఇంటికి ఫోను చేశాడు. "అమ్మీ, గాజులు బయటికి తియ్యకు. వచ్చి చెబుతాను" అన్న మాట నా చెవిన పడింది.