లంకలో ఒక ఏడాది

విద్యార్థి సంఘం వారు సావనీర్‌కు ఏదైనా వ్రాసి పంపమన్నారు. పాత విద్యార్థులు ఇలాంటి సంచికల్లో మామూలుగా హాస్టలు భోజనం గురించీ, మాస్టార్ల చమత్కారాల గురించీ వ్రాస్తారు. అవన్నీ నాకూ గుర్తున్నాయి. కాని కాలేజీ రోజులనగానే నా కళ్ళముందు మొదట మెదిలేది క్లాసురూము కాదు. గోదావరి నడుమ ఒక లంక, అక్కడ రావిచెట్టు కింద ఒక మట్టిముంత, అందులో మడిచి వేసిన చీటీలు.

1986 ఆగస్టు వరద గురించి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళనడగండి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగి ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. నీళ్ళు తీశాక మా ఎన్.ఎస్.ఎస్. మాస్టారు క్లాసుకు వచ్చి, "ఉపన్యాసాలు తరవాత చెప్పుకుందాం, ముందు పారలు పట్టండి" అన్నారు. గాంధీ శతజయంతి సంవత్సరం 1969లో పుట్టిన పథకం కదా, ఆ మాత్రం పని మామీద ఉండనే ఉంది. పద్దెనిమిది మందిమి పడవెక్కి లంకలో దిగాం. ఆ లంక పేరు మాత్రం వ్రాయను. వాళ్ళనడక్కుండా వాళ్ళ ఇంటి సంగతులు అచ్చువేయడం మర్యాద కాదు.

డెల్టా బయటనుంచి వచ్చిన మిత్రుల కోసం రెండు ముక్కలు. లంక అంటే నదిలో ఒండ్రు మేటవేసి ఏర్పడ్డ నేల. వరదొస్తే మునుగుతుంది, వరద తీస్తే తేలుతుంది. ఒకవైపు కోతకు గురైతే ఇంకోవైపు పెరుగుతుంది. మేం వెళ్ళిన లంకలో సాగునేల సర్కారుది. దాన్ని వ్యవసాయ కూలీల సహకార సంఘం కౌలుకు తీసుకుంది. ఎవరి పేరా పట్టా లేదు. అమ్ముకోవడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు. ఏటా వరద తీశాక మిగిలిన నేలను గొలుసుతో కొలిచి, ఇంటికొక ముక్క చొప్పున చీటీలు తీసి పంచుకుంటారు. నిరుడు నీ ముక్క ఉన్నచోట ఈ ఏడు నీళ్ళుండవచ్చు. అందుకని నష్టం ఏ ఒక్కడిదీ కాదు, మిగిలిన నేల అందరిదీ.

నేను బి.ఏ. ఎకనామిక్స్ విద్యార్థిని గనక పుస్తకం నా చేతికిచ్చారు. మిగతావాళ్ళు గొలుసు లాగుతుంటే నేను పేర్లూ కొలతలూ వ్రాశాను. నలభైఒక్క ఇళ్ళు, నలభైఒక్క ముక్కలు. కొలవడానికి రెండు రోజులు పట్టింది. మూడోనాడు పొద్దున్నే చీటీలు తీశాం. రేవు పక్కన మోకాలి లోతు కొత్త ఒండ్రు పడ్డ బంగారంలాంటి ముక్క ఒక ముసలాయనకు వచ్చింది. అందరూ ఆయన్ని చూసి నవ్వారు, ఆయనా నవ్వాడు. అంతలో పదేళ్ళ పిల్ల ఒకత్తి నా పక్కకొచ్చి నిలబడి, "మా మామ్మ పేరేదండీ?" అంది.

ఆ పిల్ల మామ్మ వరదకు ముందు కూతురి ఊరు వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. ఒంటరి మనిషి, గుడిసె కొట్టుకుపోయింది. నేను పేర్లు వ్రాసిందేమో చెట్టు కింద నిలబడ్డవాళ్ళని చూసి. సంఘం పాత పుస్తకం అడిగి చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. చూసి ఉంటే నలభైరెండు పేర్లు కనబడేవి.

నాకు ఒళ్ళంతా చల్లబడింది. ఏదో మూల కొంచెం నేల మిగిలితే ఆవిడకిస్తే సరిపోతుందని గొణిగాను. ఎవరూ మాట్లాడలేదు. ముసలాయన లేచి తన చీటీ తెచ్చి ముంతలో వేసేశాడు.

"అదేంటండీ, మీకు న్యాయంగా వచ్చిందే కదా" అన్నాను.

"వచ్చింది గానండి, ఆవిడ పేరు లేకండా వచ్చింది కదండీ. అది లెక్కలోకి రాదండి" అన్నాడు.

ఒక్కొక్కరే వచ్చి చీటీలు వేసేశారు. ఇద్దరు ముగ్గురు గొణుక్కుంటూనే వేశారు. అందరూ మహాత్ములని నేను చెప్పను. మళ్ళీ రెండు రోజులు గొలుసు లాగి, అదే నేలను నలభైరెండు ముక్కలు చేశాం. రెండోసారి తీసినప్పుడు ముసలాయనకు ఇసుక మేటవేసిన ముక్క వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. "ఓ పార ఇప్పించండి బాబూ" అన్నాడు, అంతే. శిబిరంలో మిగిలిన మూడు రోజులూ నేనూ నలుగురు స్నేహితులూ ఆ ఇసుక తవ్వి గంపలతో మోశాం. నా సర్టిఫికెట్ మీద 'సేవ' అని వ్రాశారు. నిజానికి నేను చేసింది బాకీ తీర్చుకోవడం.

శిబిరం అయిపోయినా నా మనసు అక్కడే ఉండిపోయింది. ఆ ఏడాది మరి మూడుసార్లు వెళ్ళాను. నవంబరులో వెళ్ళేసరికి పొగాకు నారు నాటుతున్నారు. కావిళ్ళతో ఏటినీళ్ళు మోసి మొక్కమొక్కకూ పోయాలి. నాలుగు కావిళ్ళకే నా భుజం వాచింది, ఆడవాళ్ళు చూసి నవ్వుకున్నారు. సంక్రాంతి వెళ్ళాక వెళితే మినుము పీకుతున్నారు. మామ్మ కూడా ఉంది. నేనెవరో తెలియగానే, "నా పేరు మర్చిపోయిన బాబు నువ్వేనా?" అని నవ్వి, తాటాకు పొట్లంలో సేరు మినుములు కట్టిచ్చింది. మే నెలలో ఏరు సన్నగిల్లి, పైన కాలువలు కట్టేసి ఉన్నప్పుడు, కోతపడే ఒడ్డున వెదురూ రెల్లూ నాటారు. ఆ ఒడ్డు ఆ ఏడాది ఎవరి ముక్కా కాదు, అయినా ఇంటికొక మనిషి వచ్చాడు. నాటినవాటిలో సగం జూలై నీళ్ళకే పోతాయని వాళ్ళకు తెలుసు. మిగతా సగం కోసం నాటారు.

ఇదంతా ఇంటిదగ్గర చెప్పాలనిపించింది. మాది కోనసీమలో కాలవ కింద ఊరు. నాన్నగారికీ బాబాయికీ ఒక గట్టు తగాదా ఉండేది. రెండడుగుల గట్టు, దాని మీద పదకొండు కొబ్బరిచెట్లు. నేను హైస్కూల్లో ఉండగా పడ్డ కేసు, నా డిగ్రీ అయ్యేదాకా వాయిదాల మీదే నడిచింది. సంక్రాంతి భోజనాల దగ్గర లంక కథ చెప్పాను. నాన్నగారు సాంతం విని, "వాళ్ళది సర్కారు భూమిరా. ఇది మీ తాతగారి కష్టార్జితం" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

తరవాత లైబ్రరీలో వెతుక్కుని చదివాను. 1951 ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో భూమిలేని హరిజనులు వినోబా భావేను 80 ఎకరాలడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలిస్తానన్నారు. అక్కడ మొదలైన భూదానం దేశమంతా పాకి 40 లక్షల ఎకరాలు దాటింది. ఊరి భూమంతా ఊరుమ్మడిగా ఉండాలనే గ్రామదానమైంది. ఆ మాట సముద్రాలు కూడా దాటింది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో నల్లజాతి రైతులూ పౌరహక్కుల కార్యకర్తలూ కలిసి 1969లో 'న్యూ కమ్యూనిటీస్' పెట్టినప్పుడు వాళ్ళకు దారి చూపినవాటిలో మన గ్రామదానం ఒకటి. భూమి ట్రస్టుది, ఇల్లూ పంటా మనిషివి అన్నది వాళ్ళ పద్ధతి. కమ్యూనిటీ లాండ్ ట్రస్టులకు అదే నాంది అంటారు. కరువూ అప్పులూ కమ్ముకుని 1985లో వాళ్ళ భూమి పోయింది. అయినా పోరాడి 2009లో పరిహారం సాధించి, మళ్ళీ భూమి కొనుక్కున్నారు.

మన భూదానం సంగతి వేరే జరిగింది. దానపత్రాల మీద ఉన్న భూమిలో చాలాభాగం పేదవాడి చేతికి రానేలేదు. కొంత సాగుకు పనికిరానిది, కొంత తగాదాల్లో ఉన్నది, కొంత పంచేవాళ్ళు లేక కాగితం మీదే ఆగిపోయింది. ఇవ్వడానికి ఒక్క రోజు చాలు, ఒక్క మంచి మనసు చాలు. నిలబెట్టడానికి మాత్రం ఏటేటా గొలుసు పట్టుకుని వచ్చి, పేర్లన్నీ చదివేవాళ్ళు కావాలి. లంకలో దానపత్రం లేదు. ఆ చదవడం మాత్రం ఉంది.

మా గట్టు కథకు ముగింపు 1996 నవంబరు 6 రాత్రి తుపాను వ్రాసింది. పదకొండు చెట్లలో తొమ్మిది నేల కూలాయి. ఆ రాత్రి నాన్నగారూ బాబాయీ ఒకే స్కూలు గదిలో తలదాచుకున్నారు. తెల్లారి వాళ్ళు మాట్లాడుకున్నది కేసు గురించి కాదు, కొబ్బరిమొక్కలు ఎక్కడ దొరుకుతాయని. ఆర్నెల్లకు ఇద్దరూ సంతకాలు పెట్టి కేసు వెనక్కి తీసుకున్నారు.

నాన్నగారు పోయాక పంపకాల కాగితం వ్రాసే పని నామీద పడింది. 2007 మాట. తమ్ముడి పేరూ నా పేరూ వ్రాసి కలం ఆపాను. ఆ పదేళ్ళ పిల్ల పక్కన నిలబడినట్టే అనిపించింది. మాకు ఇద్దరు అక్కలు. ఆడపిల్లలకు ఆస్తిలో వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. చట్టం సంగతి నాకు తెలియక కాదు. వాళ్ళు ఆ గదిలో లేరు, అంతే. మళ్ళీ కళ్ళెదుట కనబడ్డవాళ్ళ పేర్లే వ్రాశాను.

తమ్ముడు నెలరోజులు నాతో మాట్లాడలేదు. కాగితం మార్చి వ్రాశాం. పెద్దక్కయ్య, "నాకెందుకురా ఇప్పుడు, నాకేం లోటని?" అంది. కాసేపయ్యాక కళ్ళజోడు పెట్టుకుని, "ఏదీ, నా పేరెక్కడ వ్రాశావు?" అని అడిగి, ఆ చోట వేలు పెట్టి చూసుకుంది.

మిత్రులారా! మీరూ శిబిరాలకు వెళుతుంటారు. ఒక్కసారి వెళ్ళి ఫోటో దిగి వచ్చేయకండి. వరద తీశాక వెళ్ళండి, నాట్లకు వెళ్ళండి, కోతకు వెళ్ళండి, ఎండల్లో ఒడ్డున మొక్కలు నాటేటప్పుడూ వెళ్ళండి. ఎక్కడైనా మీ చేతికి పుస్తకమిచ్చి పేర్లు వ్రాయమంటే, అక్కడ లేనివాళ్ళెవరో ముందు అడగండి.