ఆగిపోయిన పాటలపెట్టె

పాత టేపురికార్డరు చెడిపోతే ఎక్కడ చెడిందో కంటికి కనిపించేది. టేపు చిక్కుపడేది, రబ్బరు బెల్టు సాగిపోయేది, హెడ్డుకు మురికి పట్టేది. స్పిరిటులో ముంచిన దూదితో తుడిస్తే సగం జబ్బులు అక్కడికక్కడే కుదిరేవి. 2001 అక్టోబరులో ఆపిల్ సంస్థ ఐపాడ్ అనే చిన్న పాటలపెట్టెను లోకానికి చూపించాక ఈ వైద్యం తీరు మారిపోయింది. చొక్కా జేబులో ఇమిడే ఆ పెట్టెలో 5 గిగాబైట్ల హార్డ్ డిస్కు ఉండేది. అందులో వెయ్యి పాటలు పట్టేవి. 2005లో వచ్చిన ఐదవ తరం ఐపాడ్‌లలో చిన్నదానికే 30 గిగాబైట్ల డిస్కు, 7,500 పాటలు. ఇన్ని పాటలు మోసే పెట్టెకు జబ్బు చేస్తే విప్పి చూడడానికి పైన ఒక్క మర కూడా కనిపించదు. తెర మీద ఒక బొమ్మ వచ్చి నిలబడిపోతుంది, అంతే.

పాటలపెట్టె అనడమే గాని, నిజానికి అది పాటలు పాడడం నేర్చిన చిన్న కంప్యూటరు. మీట నొక్కితే ఏ పాట తీయాలి, తెర మీద ఏమి రాయాలి, బ్యాటరీ ఎంత మిగిలింది - ఇవన్నీ దానికి చెప్పేది లోపల ఉండే సాఫ్ట్‌వేర్. మనుషులు రాసినది కనుక అందులో తప్పులుంటాయి. ఆ తప్పులు దిద్ది, తయారుచేసినవారు అప్పుడప్పుడు కొత్త ప్రతిని పంపుతారు. దానినే అప్‌డేట్ అంటారు. పాత ప్రతిని తీసి, దాని స్థానంలో కొత్తది రాయాలి. ఇంటికి పాత పెంకులు దించి కొత్తవి నేసేటప్పుడు వాన వస్తే ఎలా ఉంటుందో, ఈ పని మధ్యలో కరెంటు పోతే అలా ఉంటుంది. పాతది లేదు, కొత్తది పూర్తి కాలేదు.

ఒరిస్సాలోని బరంపురంలో 2009 వేసవిలో ఒక తెలుగువారి ఇంట ఇదే జరిగింది. బరంపురం 1936 దాకా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా ఏర్పడ్డాక అటు వెళ్ళింది. తరతరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ ఇంటి అమ్మమ్మ పాటల పుట్ట. లాలిపాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు, దంపుళ్ల పాటలు - పుస్తకం చూసి పాడినవి కావు, తల్లి నోట విని నేర్చినవి. 1994లో పెద్దకొడుకు ఆమె చేత పాడించి రెండు క్యాసెట్లలో పట్టాడు. పదేళ్లు గడిచేసరికి వాటికి బూజు పట్టడం మొదలైంది. అప్పుడు మనవడు వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, అమెరికాలో ఉన్న చిన్నమావయ్య పంపిన ఐపాడ్‌లో వేశాడు. మొత్తం నలభై ఒక్క పాటలు. ఆ తరువాత క్యాసెట్లు పారవేశారు. ఏడాది తిరగకుండా కంప్యూటరు డిస్కు పాడయింది, దానిని మార్చారు. అమ్మమ్మ 2008లో పోయింది. అలా ఆమె గొంతు ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క పెట్టెలో మిగిలింది. ఇలా జరుగుతున్నదని ఇంట్లో ఎవరూ గమనించనేలేదు. ఇలాంటివి ఒకేసారి జరగవు, ఒక్కొక్కటిగా జరిగిపోతాయి.

ఆ రోజు అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. కంప్యూటరుకు యు.పి.ఎస్. లేదు. కరెంటు వచ్చాక ఐపాడ్ తెర మీద చిన్న ఫోల్డరు బొమ్మ, పక్కన ఆశ్చర్యార్థకం కనిపించాయి. ఎన్ని మీటలు నొక్కినా అదే బొమ్మ. కంప్యూటరుకు తగిలిస్తే ఐట్యూన్స్ అనే ప్రోగ్రాము, ఈ ఐపాడ్‌ను 'రీస్టోర్' చేయవలసి ఉంటుందని చెప్పింది. పక్కనే మీట కూడా సిద్ధంగా ఉంది.

మనవడి చెయ్యి దాని మీదికి పోయింది. పెద్దమావయ్య ఆపాడు. ఆయనకు రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. సాఫ్ట్‌వేర్ సంగతి ఆయనకు బొత్తిగా తెలియదు.

"అది నొక్కితే ఏమవుతుందో తెలుసా?"

"బాగవుతుంది మావయ్యా. కొత్తదానిలా అయిపోతుంది."

"కొత్తదానిలో మీ అమ్మమ్మ పాటలుంటాయా?"

కుర్రవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రీస్టోర్ అంటే తిరిగి నిలబెట్టడమని అర్థం. మాట బాగానే ఉంది గాని, అది నిలబెట్టేది పెట్టెను, పాటలను కాదు. డిస్కును శుభ్రంగా తుడిచి, మొదటినుంచి రాస్తుంది. తుడిచే ముందు ఒక హెచ్చరిక చూపిస్తుంది, నిజమే. కంగారులో ఉన్నవాడు హెచ్చరిక చదవడు. చదివినా, వేరే దారి లేదనుకుని సరేనంటాడు. ఇలా పాటలు పోగొట్టుకున్నవారు ఎందరో ఉంటారు. వారి పెట్టెలు మాత్రం భేషుగ్గా పనిచేసి ఉంటాయి.

పెద్దమావయ్య పద్ధతి రేడియో దుకాణంలో అలవడినది. ఏది పనిచేయడం లేదని అడగడు, ఏది పనిచేస్తున్నదని అడుగుతాడు. తెర వెలుగుతున్నది. ఛార్జింగు ఎక్కుతున్నది. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని చూడమన్నాడు. లోపల సన్నగా 'స్స్' మని శబ్దం, అది డిస్కు తిరుగుతున్న చప్పుడు. 1.8 అంగుళాల ఆ చిన్న డిస్కు నిమిషానికి 4,200 చుట్లు తిరుగుతుంది. అది పాడయితే టక్కుటక్కుమని కొట్టుకునే శబ్దం తరచు వినిపిస్తుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. అంటే ఒళ్ళు బాగానే ఉంది, మతి మాత్రమే తప్పింది.

ఇక్కడ ఐపాడ్ లోపలి అమరిక కొంచెం తెలుసుకోవాలి. ఐదవ తరం ఐపాడ్‌లో డిస్కు రెండు గదులుగా ఉంటుంది. ఒక చిన్న గదిలో సాఫ్ట్‌వేర్, పెద్ద గదిలో పాటలు. అప్‌డేట్ కొత్త ప్రతిని రాసేది చిన్న గదిలోనే. అది మధ్యలో ఆగితే పాడయ్యేది ఆ గదే. పాటల గది తలుపు అటువైపునుంచి మూసుకుపోతుంది గాని, లోపలి సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది. మరొక సంగతి. డిస్కుతో సంబంధం లేకుండా, విడిగా ఒక చిన్న చిప్పులో మరికొంత ప్రోగ్రాము ఉంటుంది. పెట్టెను నిద్రలేపడం, భాగాలను పరీక్షించడం, అవసరమైతే పెట్టె మొత్తాన్ని కేవలం ఒక డిస్కులాగా కంప్యూటరుకు అప్పగించడం దాని పనులు. డిస్కు మీది సాఫ్ట్‌వేర్ చెడినా ఈ చిప్పు చెడదు. తయారుచేసినవారు ఇలాంటి రోజు ఒకటి వస్తుందని ముందే ఊహించి పెట్టిన పెరటి తలుపు అది. ఆ తలుపు ఉందని పెట్టె మీద ఎక్కడా రాసి ఉండదు, అదొక్కటే లోపం.

మనవడు ఆ సాయంత్రం కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే ఒకాయనను అడిగి దారి తెలుసుకున్నాడు. మొదట పైనున్న హోల్డ్ మీటను ఒకసారి అటూ ఇటూ జరపాలి. తరువాత మెనూ మీటను, నడిమి గుండ్రటి మీటను కలిపి ఆరు సెకన్లకు తక్కువ కాకుండా నొక్కి పట్టాలి. ఆపిల్ గుర్తు కనిపించగానే వేళ్ళు మార్చి, నడిమి మీటను, పాట నడిపి ఆపే మీటను కలిపి పట్టుకోవాలి. వేళ్ళు మార్చడంలో ఆలస్యమైతే మళ్ళీ మొదటికే వస్తుంది. మొదటిసారి ఆలస్యమైంది. రెండోసారి మీట జారింది. మూడోసారి తెర మీద 'డిస్క్ మోడ్' అన్న మాటలు వచ్చాయి. కంప్యూటరుకు తగిలిస్తే ఐట్యూన్స్ మళ్ళీ రీస్టోర్ మాటే ఎత్తింది. ఈసారి దానికి వద్దని చెప్పి మూసేశాడు.

కంప్యూటరులో ఐపాడ్ ఒక కొత్త డిస్కులాగా కనిపించింది. తెరిస్తే పాటలు లేవు! ఆ క్షణంలో ఆ కుర్రవాడి ముఖం ఎలా ఉందో చెప్పనక్కరలేదు. కాని ఉపయోగించిన చోటు ఎంత అని చూస్తే పదకొండు గిగాబైట్లని చూపిస్తున్నది. ఖాళీ గదికి అంత బరువెందుకు? ఐపాడ్ తన పాటలను కంటికి కనబడని ఫోల్డరులో దాస్తుంది. దాగిన ఫైళ్లను చూపించమని విండోస్‌కు చెప్పాక అది బయటపడింది. దానిలో మళ్ళీ వరుస అంకెల పేర్లతో చిన్న ఫోల్డర్లు, వాటిలో పాటలు. పాటల పేర్లు మాత్రం లేవు. ఒక్కొక్క ఫైలుకు ఏ అర్థమూ లేని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. ఐపాడ్ తన సౌకర్యం కోసం పెట్టుకున్న పేర్లవి. ఏ అక్షరాలు ఏ పాటవో దాని లెక్కల పుస్తకంలో రాసి ఉంటుంది, మనిషికి అక్కరలేదనుకుంది కాబోలు.

ఒకటి తెరిచారు. సినిమా పాట. మరొకటి తెరిచారు. అదీ సినిమా పాటే. ఆరో ఏడో ఫైలులో ముందు క్యాసెట్టు గీర, తరువాత ఎవరో దగ్గడం, ఆ తరువాత అమ్మమ్మ గొంతు. పక్క గదిలో పడుకున్న తాతయ్య లేచి వచ్చారు.

అన్నిటినీ కాపీ చేయడానికి గంటకు పైగా పట్టింది. ఒక కాపీ కంప్యూటరులో, మరొకటి డి.వి.డి.లలో. ఆ తరువాతే, ఇన్వర్టరు ఉన్న స్నేహితుడి ఇంటికి తీసుకువెళ్ళి రీస్టోర్ మీట నొక్కాడు. పావుగంటలో పెట్టె కొత్తదానిలా లేచి కూర్చుంది. అసలు మరమ్మతు అంతే. కథంతా దానికి ముందు జరిగిందే.

అయితే ప్రతి జబ్బుకూ మీటలు నొక్కడమే మందని అనుకోరాదు. సరిగ్గా అంతకు ముందటి డిసెంబరులో దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి నడిచింది. 2008 డిసెంబరు 31న మైక్రోసాఫ్ట్ సంస్థవారి జూన్ అనే పాటలపెట్టెలలో 30 గిగాబైట్ల రకానివి ఎక్కడివక్కడ కొయ్యబారిపోయాయి. ఆ ఏడు లీపు సంవత్సరం, ఆ రోజు 366వ రోజు. లోపలి గడియారం 1980 నుంచి గడిచిన రోజులను లెక్కపెట్టి, ఏడాదికి ఇన్ని చొప్పున తీసివేస్తూ పోయి సంవత్సరం తేల్చుకుంటుంది. మిగిలిన రోజులు 365 కన్న ఎక్కువ ఉన్నంతవరకు తీసివేతలు సాగాలని నియమం. లీపు సంవత్సరమైతే 366 కన్న ఎక్కువ ఉంటేనే తీసివేయాలని మరో నియమం. సరిగ్గా 366 మిగిలితే? ఆగడానికి మొదటి నియమం ఒప్పదు, తీసివేయడానికి రెండోది ఒప్పదు. పాపం, పెట్టె ఆ రెండింటి నడుమ గానుగెద్దులా తిరుగుతూ ఉండిపోయింది. కంపెనీ చెప్పిన చికిత్స ఏమిటంటే, బ్యాటరీ పూర్తిగా అయిపోనివ్వండి, జనవరి 1న గ్రీనిచ్ కాలం ప్రకారం మధ్యాహ్నం దాటాక మళ్ళీ ఛార్జింగు పెట్టండి అని. తేదీ మారింది, పెట్టెలు లేచాయి. ఊరుకోవడమే అక్కడ మందు అయింది. బరంపురంలో ఊరుకుంటే ఏమీ జరిగేది కాదు. తప్పు ఏ గదిలో ఉందో తెలిస్తే తప్ప ఏ మందో తెలియదు.

జూన్ పెట్టెల తయారీ 2011లో ఆగిపోయింది. ఐపాడ్‌ల వరుసలో చివరిదాన్ని కూడా ఆపివేస్తున్నట్లు ఆపిల్ 2022 మే నెలలో ప్రకటించింది. పాటలు ఫోనుల్లోకి చేరాయి. అప్‌డేట్లు మాత్రం ఫోనులకూ వస్తున్నాయి, కరెంటూ పోతున్నది.

బరంపురంలో మరొక పని మిగిలింది. సినిమా పాటలకు వాటి పేర్లు ఫైలు లోపలే రాసి ఉన్నాయి కనుక ఐట్యూన్స్ వాటిని చదివి తానే సర్దుకుంది. అమ్మమ్మ పాటలకు అలాంటివేమీ లేవు. క్యాసెట్టు నుంచి ఎక్కించిననాడు ఎవరూ రాయలేదు. తాతయ్యను కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కటే వినిపించారు. ఆయన చెబుతుంటే మనవడు రాశాడు: ఇది చిన్నదాని పెళ్ళిలో పాడింది, ఇది ధనుర్మాసంలో పాడేది, ఇది నిన్ను ఉయ్యాలలో వేసినప్పటిది. అలా నాలుగు రోజులు పట్టింది. మూడు పాటలు ఆయనకు తెలియలేదు. ఇచ్ఛాపురంలో ఉన్న అమ్మమ్మ చెల్లెలికి ఫోను చేసి, కంప్యూటరు పక్కన ఫోను పెట్టి వినిపించారు. ఆమె రెండింటిని గుర్తుపట్టింది. మూడోదాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నది, తెలియదంది. ఆ పాట ఐపాడ్ పెట్టిన నాలుగు అక్షరాల పేరుతోనే ఉంది.