శంషాబాదు నుండి అలిపిరి దాకా

మా వంటి పల్లెవారికి విమానమెక్కడం ఇంకా పెద్ద సంగతే. అందుకే మేము చేసిన ఒక ప్రయాణపు లెక్క మీ ముందుంచుతున్నాము.

మాది షాద్‌నగర్ దగ్గరి పల్లె. మా పెద్దక్కయ్యను తిరుపతికి ఇచ్చాము. ఒకనాటి రాత్రి తొమ్మిది గంటలకు బావగారు ఫోను చేశారు. "అలిపిరి రోడ్డులోని ఆసుపత్రిలో చేర్చాము. రేపు పదకొండుకు ఆపరేషను. లోపలికి పోకముందు అమ్మను చూడాలంటోంది" అన్నారు.

సాయంత్రపు రైళ్లు వెళ్లిపోయాయి. 2023 ఏప్రిల్ 8న ప్రారంభమైన సికింద్రాబాదు - తిరుపతి వందే భారత్ ఉదయాన్నే బయలుదేరుతుంది గాని, 660 కిలోమీటర్ల పైచిలుకు దారికి ఎనిమిది గంటలకు పైగా పడుతుంది. కర్నూలు, కడప మీదుగా రోడ్డున పోతే 500 కిలోమీటర్ల పైచిలుకు. డెబ్బై ఎనిమిదేళ్ల అమ్మ రాత్రంతా కారులో కూర్చోలేదు. ఇక మిగిలింది విమానమే. మూడు టికెట్లకు మూడు నెలల పాల డబ్బు పోయింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఇల్లు వదిలాము. రెండు గంటల ముందే రమ్మంటారు గనుక ఆరింటికల్లా శంషాబాదులో ఉన్నాము. టికెట్టు మీద, ఆధార్ కార్డు మీద పేరు ఒకే విధంగా ఉండాలి. అడిగితే అమ్మకు చక్రాల కుర్చీ ఇచ్చారు.

శంషాబాదు నుండి రేణిగుంటకు ఆకాశమార్గాన తిన్నగా కొలిస్తే సుమారు 415 కిలోమీటర్లే. మేమెక్కినది పంకాలున్న చిన్న విమానం. గంటకు 500 కిలోమీటర్ల వేగమైతే యాభై నిమిషాలు చాలాలి. కాని నేల మీద నడవడానికి, పైకి లేవడానికి, చుట్టు తిరిగి దిగడానికి మరికొంత సమయం పడుతుంది. ఎనిమిదికి బయలుదేరి తొమ్మిదింబావుకు దిగాము. కింద కృష్ణానది, నల్లమల కొండలు దాటిపోతుంటే మేము చూశాము. అమ్మ మాత్రం కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నది.

రేణిగుంట విమానాశ్రయం నుండి తిరుపతి సుమారు 15 కిలోమీటర్లు. ఆసుపత్రి చేరేసరికి పదీ పది. గంటంబావు అనుకున్న ప్రయాణం, గడప నుండి మంచం దాకా లెక్కిస్తే, అయిదు గంటల నలభై నిమిషాలు.

"అమ్మా, నువ్వెట్లొచ్చినవే!" అని అక్కయ్య ఏడ్చింది. అమ్మ ఆమె తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. దేవుని కృపవలన ఆపరేషను క్షేమంగా ముగిసింది.

సాయంకాలం అమ్మతో అలిపిరి వైపు కాస్త నడిచాము. కొండకు కాలినడకన పోయే యాత్రికులు అక్కడ బయలుదేరుతున్నారు. పైకి సుమారు 9 కిలోమీటర్లు, 3,500కు పైగా మెట్లు. మూడు నాలుగు గంటల నడక. మా అమ్మ వయసువారు కూడా వారిలో ఉన్నారు.

అమ్మ వారిని చాలాసేపు చూసి, "నాలుగేండ్లాయె బిడ్డా, మనం దీని ఇల్లు తొక్కక" అన్నది.

మేము జవాబు చెప్పలేకపోయాము. ఏటేటా దూరమనే చెప్పుకున్నాము. పొలం పని, పిల్లల పరీక్షలు అన్నాము. మంచం పట్టిందని తెలిసిన రాత్రి మాత్రం ఆ దూరం అయిదు గంటల నలభై నిమిషాలైంది. ఆ మూడు టికెట్ల డబ్బుతో రైలులో ఎన్నిసార్లు వచ్చి ఉండవచ్చునో!

తిరుగు ప్రయాణం రైలులోనే చేశాము. క్రిస్మసు సెలవులకు తిరుపతి రైలు టికెట్లు ఇప్పుడే కొని, అమ్మ బైబిలులో పెట్టాము.